పేరులేని చీటి

అలబామా రాష్ట్రమందలి గాడ్స్‌డెన్ పట్టణమున, గుడ్‌ఇయర్ టైర్ల కర్మాగారములో 1979లో చేరి, సహోద్యోగుల వేతనములెంతయో ఎరుగకయే దాదాపు రెండు దశాబ్దములు శ్రమించిన లిల్లీ లెడ్‌బెటర్‌కు, 1998లో ఎవరో అజ్ఞాతముగ జీతముల వివరములు గల ఒక చీటి అందజేసిరి. ఆమె నెలజీతము 3,727 డాలర్లు కాగా, అదే హోదాయందలి పురుషులలో అందరికంటె తక్కువ పొందువానికి సైతము 4,286 డాలర్లు ముట్టుచుండెను. జీతముల మాట యెత్తుటయే సాహసమైన తావున ఆ చీటి వ్రాసినవారు పేరు దాచుకొనుట వివేకమే. ఆ మరుగు లేనిచో ఈ అన్యాయము వెలికి వచ్చియుండెడిది కాదని నా దృఢవిశ్వాసము. గడువు మీరెనను కారణమున 2007లో అమెరికా సుప్రీంకోర్టు ఈ వేతన వివక్షపై ఆమె వేసిన వ్యాజ్యమును త్రోసిపుచ్చినను, 2009 జనవరి 29న ఆమె పేరిటనే న్యాయవేతన శాసనము వెలసెను. ఈలోగా 2008లో ఆరంభమైన గ్లాస్‌డోర్ అను వెబ్‌సైటు, ఉద్యోగులు తమ పేరు వెల్లడింపకయే జీతమును అంతర్జాలమున నమోదు చేయు వసతి కల్పించినది. నేడు హైదరాబాదులో కొలువు కోరు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు సైతము, జీతము మాటలాడుకొనుటకు ముందే అట్టి అంకెలను చూచుకొనుచున్నాడు.