పది నెలలు ఆగుమన్న శాస్త్రం

1968 ప్రాంతాన, మిరపకోతల కాలంలో, మా పిన్ని కల్లంలో కూలబడిపోయింది. అప్పటికి నెల తప్పి నిండా రెండు నెలలు కాలేదు. నాలుగు రోజుల ముందు కొంచెం ఎరుపు కనబడితే కడుపు నిలవలేదనుకున్నారు పెద్దలు. ఆ మధ్యాహ్నం ఆమె కడుపునొప్పి కంటె భుజం నొప్పి గురించే ఎక్కువ చెప్పిందట. బుట్టలు మోసిన నొప్పి అన్నారు. గుంటూరు ముప్పై మైళ్ళు. తెల్లవారితే గాని బస్సు లేదు. చీకటిపడే వేళకు ప్రాణం పోయింది. గాలి సోకిందన్న మాటే మా ఇంట నిలిచిపోయింది.

కిందటేడాది గుంటూరులో మా అమ్మాయిని పరీక్షించిన వైద్యురాలు "భుజం నొప్పేమైనా ఉందా అమ్మా?" అని అడిగినప్పుడు ఉలిక్కిపడ్డాను. గర్భం అండవాహికలో నిలిచి, అది చిట్లి కడుపులో రక్తం చేరితే నొప్పి భుజంలో తెలుస్తుందట.

మూత్రపరీక్షలో గర్భమున్నదని వచ్చింది. స్కానులో గర్భాశయం ఖాళీ. "మరెక్కడున్నట్లు?" అన్నాను. "ఇప్పుడే చెప్పలేం మాస్టారూ, రెండు రోజులాగి మళ్ళీ రక్తం చూడాలి" అన్నదామె. ఇన్ని యంత్రాలుండీ చెప్పలేరా అని కోపం వచ్చింది. నిద్రపట్టక ఆయుర్వేద గ్రంథాలు తీశాను.

సుశ్రుతుడు నాలుగో నెల వరకు జారిపోయినదాన్ని గర్భస్రావమనీ, అయిదారు నెలల్లో పోయినదాన్ని గర్భపాతమనీ విభజించాడు. నన్ను ఆపినది చరకుని రక్తగుల్మ ప్రకరణం. (గుల్మమంటే పొద అని పిల్లలకు చెప్పేవాణ్ణి, ఇక్కడ కడుపులోని గడ్డ.) ముట్టు ఆగుతుంది, గర్భలక్షణాలన్నీ కనబడతాయి, కాని పెరిగేది శిశువు కాదు. అవయవాలు విడివిడిగా కదలవు, ముద్దగా అదురుతుంది. దీనిని నేటి ముత్యాల గర్భంతో పోల్చేవారున్నారు. పదవ నెల గడచిన తరువాతనే దానికి చికిత్స చేయమన్నాడు చరకుడు. గర్భమేమోనన్న సందేహం ఉన్నంతకాలం చేయి పెట్టరాదన్నమాట. తెలియదని ఒప్పుకొనడం కూడ శాస్త్రంలో భాగమేనని నాకప్పుడు తోచింది.

అయితే ఆ ఓర్పు అండవాహికలోని గర్భం విషయంలో ప్రాణాంతకం. 1883లో బర్మింగ్‌హాంలో లాసన్ టెయిట్ చిట్లిన వాహికను తొలగించి ఒక స్త్రీని బ్రతికించాడు. అంతకు ముందు మరొక రోగికి కత్తి పట్టడానికి జంకితే ఆమె మరణించింది. అదే 1883లో లూథరన్ మిషను తరఫున డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరు చేరింది. వైద్యురాలై ఉండీ మొదట వచ్చింది బోధనకే. 1898లో ఆమె ఆసుపత్రి తెరచింది. అప్పటి వైద్యులకు చేతి స్పర్శ, రోగి చెప్పే మాట తప్ప లోపల చూచే సాధనం లేదు. కడుపులోని గడ్డలను శబ్దతరంగాలతో చూడవచ్చునని గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ ప్రకటించినది 1958లో. గర్భహార్మోనును రక్తంలో విడిగా కొలిచే బీటా హెచ్.సి.జి. పరీక్ష వచ్చినది 1972లో.

యంత్రం వచ్చాక తొందర కూడ వచ్చింది. పిండం 5 మిల్లీమీటర్లుండి గుండె కొట్టుకోకపోతే గర్భం పోయిందని నిశ్చయించేవారు. బ్రతికివున్న గర్భాలను కూడ అలా తీసివేసే ప్రమాదముందని 2013లో నిపుణులు ఆ హద్దును 7కు పెంచారు. పిండం కనబడని తిత్తికి 25. అంతకు తక్కువైతే ఆగి మళ్ళీ చూడవలసినదే. చరకుని పది నెలలు ఒకటి రెండు వారాలైనాయి. ఆగడం మాత్రం పోలేదు, కాని ఇప్పుడు కాపలా కాస్తూ ఆగుతారు. నొప్పి పెరిగినా, కళ్ళు తిరిగినా అర్ధరాత్రియైనా రమ్మని వైద్యురాలు మాకు రెండుసార్లు చెప్పింది.

రెండవ రక్తపరీక్షలో హార్మోను పెరగవలసినంత పెరగలేదు, తగ్గనూ లేదు. మళ్ళీ స్కాను చేస్తే ఎడమ వాహిక ప్రక్కన చిన్న ముద్ద. చిట్లలేదు. మెథోట్రెక్సేట్ ఇంజెక్షను ఇచ్చి, అంకె సున్నాకు దిగేదాకా వారం వారం రక్తం చూశారు. బిడ్డ దక్కలేదు, పిల్ల దక్కింది.

మా అమ్మకు ఎనభై ఎనిమిదేళ్ళు. భుజం నొప్పి సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే మా చెల్లికి గాలి కాదన్నమాట" అన్నది.