భూతబలి నుండి పాంజరాపోలు దాక: అక్కరకు రాని ప్రాణులకు ఆశ్రయమిచ్చినవారి చరిత్ర

గృహస్థుడు ప్రతిదినము ఆచరించవలసిన పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞము ఒకటి. శునకములకు, కాకులకు, క్రిములకు, సమాజము దూరముగా ఉంచిన రోగగ్రస్తులకు అన్నమును నేలపై మెల్లగా ఉంచవలెనని మనుస్మృతి తృతీయాధ్యాయము విధించినది. ‘మెల్లగా’ అను మాట గమనింపదగినది. విసరివేయుట బలి కాదు. ఆ శ్లోకములో గోవు పేరు లేదు, అశ్వము పేరు లేదు. పాలివ్వనివి, బరువు మోయనివి, ఎవ్వరూ నాది అని చెప్పుకొననివి మాత్రమే అందు చోటు పొందినవి.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. శునకస్పర్శ కలిగినప్పుడు స్నానము చేయవలెనని ధర్మశాస్త్రమే చెప్పుచున్నది. దీనిని పట్టుకొని, వీథికుక్కకు చేయు సేవ శాస్త్రవిరుద్ధమని వాదించువారు నేటికీ కలరు. శౌచవిధి కర్మ చేయువాని అర్హతకు సంబంధించినది. దయ ఎదుటి ప్రాణి అవసరమునకు సంబంధించినది. ఒకదానిని చూపి మరొకదానిని తప్పించుకొనుట శాస్త్రము కాదు, సౌకర్యము. శివాలయములలో అభిషేకవేళ పఠింపబడు నమకము నాలుగవ అనువాకములో శునకములకు, శునకపాలకులకు కూడ నమస్కారము ఉన్నది. పఠించు నోటికి అది అలవాటై, వినే చెవికి అందకుండ పోవుచున్నది.

మహాప్రస్థానిక పర్వములో ధర్మరాజు ఎదుట ఇంద్రుడు ఉంచిన అభ్యంతరము కూడ శౌచమునకు సంబంధించినదే. కుక్కలు గలవారికి స్వర్గములో స్థానము లేదని, వారి ఇష్టాపూర్తముల ఫలము నశించునని ఇంద్రుడు చెప్పినాడు. ధర్మరాజు ఆ మాటను ఖండించలేదు; కుక్క శుచియైనదని వాదించలేదు. తనను నమ్మి వెంట వచ్చినదానిని విడుచుట బ్రహ్మహత్యతో సమానమైన పాపమని మాత్రమే పలికినాడు. శుచిత్వచర్చలోనికి అడుగిడకుండగనే ఆ చర్చను దాటిపోయినాడు. కుక్కరూపములో ఉన్న ధర్ముడు, పూర్వము ద్వైతవనములో కూడ నిన్ను పరీక్షించితినని ఆయనకు గుర్తుచేయుట ఆ ఘట్టములోనే ఉన్నది. ద్వైతవనములో యక్షునికి ధర్మరాజు పరమధర్మముగా చెప్పినది ఆనృశంస్యము, అనగా క్రూరత్వము లేకుండుట.

ఈ భావము గ్రంథములలోనే నిలిచిపోలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రము గోఽధ్యక్ష ప్రకరణములో ‘భగ్నోత్సృష్టకము’ అను ఒక మంద కలదు. వ్యాధిగ్రస్తములు, అవిటివి, ఒక్కరికి తప్ప ఇతరులకు పాలివ్వనివి, దూడలను చంపునవి అందు చేరును. అట్టివానిని నూరు చొప్పున పోషించువారు ఆ మందకు తగిన భాగమును మాత్రమే రాజుకు చెల్లించవలెను. లాభనష్టముల లెక్క తప్ప వేరొకటి ఎరుగడని పేరుపడిన కౌటిల్యుడు కూడ ఈ ప్రాణులను లెక్కలో నుండి కొట్టివేయలేదు. పసివానికి, ముసలివానికి, రోగపీడితములకు గోపాలకులు చికిత్స చేయవలెనని కూడ విధించినాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై నేటికీ కనబడు అశోకుని రెండవ శిలాశాసనము మనుష్యచికిత్స, పశుచికిత్స అని రెండింటిని పక్కపక్కనే పేర్కొని, ఓషధులు లేని చోట తెప్పించి నాటించినట్లు, బాటల వెంట బావులు త్రవ్వించినట్లు తెలుపుచున్నది.

రాజాజ్ఞ లేకుండ, సాధారణ పౌరులు తమంత తాముగా నడపిన ఆశ్రయములకు స్పష్టమైన సాక్ష్యము గుజరాతు తీరమునందలి ఖంభాతులో లభించుచున్నది. 16వ శతాబ్దము చివర అక్కడికి వచ్చిన ఆంగ్లేయ వణిజుడు రాల్ఫ్ ఫిచ్, కుంటివి ముసలివి అయిన జంతువులను చచ్చువరకు పోషించు ఆతురశాలలను చూచి వ్రాసినాడు. 1623లో వచ్చిన ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లే వర్ణన మరింత సూక్ష్మమైనది. పక్షుల చికిత్సాలయములో తల్లి లేని ఎలుకపిల్లలు కొన్ని ఉండినవి. తెల్లని గడ్డము, ముక్కుపై కళ్ళద్దములు గల ఒక వృద్ధుడు వానిని దూదిలో పెట్టి, పక్షి ఈకతో పాలు పట్టుచుండినాడు. పెద్దవైన తరువాత వానిని విడిచిపెట్టుట ఆయన ఉద్దేశము. రోగము నయమైన అడవి పక్షులను కూడ అట్లే స్వేచ్ఛగా వదలుచుండినారు. పశువుల శాలలో, దొంగతనమునకు శిక్షగా రెండు చేతులు కోల్పోయిన ఒక మనుష్యుడు కూడ ఆ జంతువుల మధ్యనే పోషింపబడుచున్నట్లు అదే యాత్రికుడు వ్రాసినాడు. వానికి వేరుగా దిక్కు లేదు కనుక అక్కడ చోటు దొరికినది. ఎలుకపిల్లలను కాపాడుట వెర్రి అని ఆ వృద్ధునితో ఎందరు అని ఉందురో ఊహించుట కష్టము కాదు.

ఈ సంప్రదాయమునకు పెద్ద పరీక్ష 1832లో బొంబాయిలో వచ్చినది. వీథికుక్కలను వేసవిలో చంపించుట అప్పటికే కుంఫిణీ ప్రభుత్వమునకు అలవాటు. చంపిన ఒక్కొక్క కుక్కకు ఎనిమిది అణాల బహుమానము ఉండుటచే, ఆశ చేత పెంపుడు కుక్కలను కూడ ఇండ్ల నుండి లాగుకొనిపోవుచున్నారని ప్రజలలో ఆగ్రహము పెరిగినది. జూన్ 6వ తేదీన పార్సీలు ముందు నిలిచినారు. హిందువులు, జైనులు, ముస్లిములు కొందరు కలిసివచ్చినారు. అంగళ్ళు మూతపడినవి, కొలాబాలోని సైనికులకు ఆహారము అందకుండ అడ్డుపడినారు. సైన్యము దిగి అలజడి అణచినది.

అణచివేతతో కథ ముగిసిపోలేదు. చంపవద్దనుటకు హక్కు కావలెనన్నచో పోషించు భారము కూడ మోయవలెనని నగరపు పెద్దలు గ్రహించినట్లు తోచును. 1834లో పార్సీ వణిజుడు జంషెట్జీ జీజీభాయ్, జైన శ్రేష్ఠి మోతీషా మొదలైనవారు భులేశ్వర్ ప్రాంతములో పాంజరాపోలును స్థాపించినారు. వ్యాపారులు తమ సరకులపై స్వచ్ఛందముగా రుసుము విధించుకొని దాని వ్యయమును భరించినారు. పంజరమను సంస్కృతపదమే ఆ పేరులోనూ ఉన్నది.

పాంజరాపోళ్ళన్నియు ఆదర్శములని చెప్పుట సత్యము కాదు. చంపరాదన్న నియమము ఉండి, చికిత్స చేయు నేర్పు, చాలినంత చోటు లేనప్పుడు ఆశ్రయమే యాతనాగృహమగును. 1926లో అహమ్మదాబాదులో ఒక మిల్లు యజమాని అరువది వీథికుక్కలను చంపించినప్పుడు మహాత్ముడు దానిని పూర్తిగా ఖండించకుండుట గొప్ప వివాదమైనది. ఎంగిలి మెతుకులు విసరి పుణ్యము సంపాదించితిమనుకొనుట అహింస కాదని, కుక్కలపై నిజమైన దయ గలవారు వానిని పెంచవలెనని, లేదా వానిని పోషించు సంస్థకు తోడ్పడవలెనని ఆయన వాదము. చంపుటకు ఆయన ఇచ్చిన సమ్మతిని అంగీకరించుట కష్టము. బాధ్యత లేని అన్నదానముపై ఆయన చేసిన విమర్శకు మాత్రము ఎదురు చెప్పుట అంతకంటె కష్టము. రేబిస్ లక్షణములు బయటపడిన తరువాత మనుష్యుడు బ్రతుకుట దాదాపు అసాధ్యమన్నది కూడ మరువరాదు.

ఈ సంకటమునకు మూడవ మార్గమును చూపినది ఒక కుటుంబము. 1959లో మదరాసు వర్షములలో నీట కొట్టుకొనిపోవుచున్న కుక్కపిల్లలను విమానచోదకుడు కెప్టెన్ వి. సుందరం ఇంటికి తెచ్చుకొన్నాడు. ఆయన భార్య ఉష కూడ విమానచోదకురాలే. వారు, వారి పిల్లలు, కొందరు మిత్రులు కలిసి నడపిన ఆ చిన్న ప్రయత్నమే బ్లూ క్రాస్ అయినది. కుక్కలను చంపుటచే సంఖ్య తగ్గదని, సంతాననిరోధ శస్త్రచికిత్స, టీకా చేసి, పట్టిన చోటనే తిరిగి విడిచినచో తగ్గునని వారు 1964 నుండి చెప్పుచు, చేయుచు వచ్చినారు. ఖాళీ అయిన వీథికి కొత్త కుక్కలు వచ్చుననునది వారి తర్కము. నగరపాలక సంస్థ ఆ మార్గమును 1996లో గాని స్వీకరించలేదు. మదరాసులోనే కళాక్షేత్ర స్థాపకురాలు రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో చేసిన కృషి ఫలితముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు.

తెలుగునాట 1992లో హైదరాబాదు బ్లూ క్రాస్ సంస్థ, 1996లో విశాఖలో జంతుసంరక్షణ సంఘము ఇదే బాటలో వెలసినవి. శస్త్రచికిత్స జరిగిన కుక్కకు గుర్తుగా చెవి కొన కొద్దిగా కత్తిరించి వదలుదురు. 2001లో కేంద్రము నియమావళిగా చేసినది ఈ పద్ధతినే. 2025 ఆగస్టులో ఢిల్లీ వీథికుక్కలనన్నిటిని శాలలలో బంధించవలెనని సర్వోన్నత న్యాయస్థానమునందలి ఒక ధర్మాసనము ఆదేశించగా, కొద్దిదినములకే విస్తృత ధర్మాసనము దానిని సవరించినది: రేబిస్ సోకినవి, క్రూరముగా ప్రవర్తించునవి తప్ప మిగిలినవానిని చికిత్స, టీకా అనంతరము వాని చోటికే పంపవలెను, ఆహారము మాత్రము వీథులలో ఎక్కడబడిన అక్కడ కాక, నిర్దేశించిన స్థలములందే పెట్టవలెను. బలి ఏ దిక్కున, ఏ చోట ఉంచవలెనో గృహ్యసూత్రకారులు కూడ ముందుగానే నిర్ణయించి ఉన్నారు.