క్వెండీ

ఆంగ్ల భాషాశాస్త్రవేత్తయు, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయాచార్యుడును అగు జె. ఆర్. ఆర్. టోల్కీన్ (1892–1973) తాను కల్పించిన క్వెన్యా భాషలో ఎల్ఫుల జాతికొసగిన నామము. ‘కంఠస్వరముతో పలుకువారు’ అని దీని యర్థము. కుయివియేనెన్ సరస్తీరమున నక్షత్రకాంతిలో మేల్కాంచిన ఆ తొలిజనులు, వాక్కుగల ప్రాణి మఱియొకటి తమ కంటబడకపోవుటచే, ఆ వాక్కునే తమ జాతిలక్షణముగా నెంచి యీ పేరు పెట్టుకొనిరని కథ. పిదప వారిని కనుగొన్న ఒరోమే దేవత తారకాజనులను అర్థమున ‘ఎల్దార్’ అని పిలిచెను; అతడు ఆహ్వానించిన పశ్చిమయాత్రకు సమ్మతింపనివారు ‘అవారీ’ లనగా నిరాకరించినవారైరి.

ఈ పదముయొక్క ధ్వనిచరిత్రము మిక్కిలి రమణీయమైనది. ఎల్ఫుల మూలభాషలోని ‘క్వ’ ధ్వని క్వెన్యాలో నిలిచి, టెలెరిన్ అను మఱియొక ఎల్ఫుభాషాశాఖలో ‘ప’కారమై ‘పెండీ’ యను రూపమును కల్పించినది. కుమారవాచకమగు ప్రాచీన కెల్టిక్ పదము ఐరిష్‌లో ‘మాక్’ అనియు, టోల్కీన్ మిగుల ప్రేమించిన వెల్ష్ యొక్క ప్రాచీనరూపమున ‘మాప్’ అనియు పరిణమించుటకు హేతువు ఇట్టి మార్పే. కల్పితనామమునకు సైతము నిజభాషల నియమమును ఇంత నిష్ఠతో పాటించిన రచయితలు అరుదు.

ఈ నామములపై ఆయన 1959–60 ప్రాంతమున రచించిన దీర్ఘవ్యాసము, కుమారుడు క్రిస్టఫర్ సంపాదకత్వమున 1994లో ‘ది వార్ ఆఫ్ ది జ్యుయెల్స్’ సంపుటమున వెలువడినది.