క్రోన్స్ వ్యాధి: పేగులో తొలి మార్పులు

క్రోన్స్ వ్యాధి జీర్ణనాళంలో నోటి నుంచి మలద్వారం వరకు ఎక్కడైనా రాగల దీర్ఘకాలిక శోథ, అంటే ఏళ్ల తరబడి తగ్గుతూ తిరగబెడుతూ ఉండే వాపు. చిన్నపేగు చివరి భాగమైన ఇలియం దీనికి ఎక్కువగా లోనవుతుంది. పేగు గోడ మందమెక్కి, దారి ఇరుకై, పక్క అవయవాలకు ఫిస్టులాలనే అసహజ మార్గాలు పడిన ముదిరిన దశే వైద్యులకు మొదట తెలిసింది. శ్లేష్మపొరపై చిన్న పుండుగా వ్యాధి మొలకెత్తే దశ చాలా కాలానికి గాని వారి దృష్టికి రాలేదు.

గ్లాస్గో శస్త్రవైద్యుడు కెన్నెడీ డాల్జీల్ 1913లో ఇటువంటి పేగులను వర్ణిస్తూ, అవి పశువులకు వచ్చే జోన్స్ వ్యాధిని పోలి ఉన్నాయని గుర్తించాడు. న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రికి చెందిన బరిల్ క్రోన్, లియాన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఓపెన్‌హైమర్‌లు 1932లో 14 మంది రోగుల వివరాలు ప్రచురించి, దీనికి క్షయతో సంబంధం లేదని, ఇది వేరే వ్యాధి అని పేర్కొన్నారు. పెద్దపేగుకూ ఇది వస్తుందని 1960లో వైద్యులు లాక్‌హార్ట్-మమ్మెరీ, మోర్సన్‌లు స్పష్టం చేశారు.

తొలి కణజాల మార్పులను మోర్సన్ 1972లో ప్రత్యేకంగా చర్చించాడు. రోగనిరోధక కణాలు గుంపులుగా ఉండే లసిక పుటికలపైన, ఇలియంలో అవే గుమిగూడిన పేయర్ మచ్చలపైన, నోటిపూతను పోలిన ఆఫ్తస్ పుండ్లు ముందుగా పుడతాయి. అవి పెరిగి పేగు పొడవునా చీలికలుగా కలిసిపోగా, మధ్య మిగిలిన శ్లేష్మపొర ఉబ్బి గులకరాళ్లు పరిచినట్టు కనిపిస్తుంది. వ్యాధిగ్రస్త భాగాన్ని కోసి తీసిన తరవాత కూడా, పేగు కొసలను కలిపిన అతుకుకు పైనున్న ఇలియంలో ఏడాదిలోపే ఇవే పుండ్లు చాలామందిలో మళ్లీ మొదలవుతాయని 1984లో బెల్జియంలోని లూవెన్‌లో పాల్ రుట్‌గీర్ట్స్ బృందం చూపింది. మలప్రవాహాన్ని అతుకు దగ్గరకు చేరకుండా మళ్లించినప్పుడు పుండ్లు రాలేదని, తిరిగి కలిపాక వచ్చాయని 1991లో అదే బృందం తెలపడంతో, పేగులోని పదార్థాలే తొలి శోథను రేపుతున్నాయన్న అభిప్రాయం బలపడింది.

తెలంగాణలో ఈ తొలి మార్పులను గుర్తుపట్టడానికి పెద్ద అడ్డంకి పేగు క్షయ, ఎందుకంటే అది కూడా ఇలియం, పెద్దపేగు కలిసే చోటునే ఎక్కువగా పట్టి, అలాంటి పుండ్లనే కలిగిస్తుంది. కానీ క్షయలో పుండ్లు సాధారణంగా పేగుకు అడ్డంగా చుట్టుకుంటాయి. బయాప్సీలో కనిపించే గ్రాన్యులోమాలు, అంటే రోగనిరోధక కణాల ముద్దలు, పెద్దవిగా కలిసిపోయి నడుమ జున్నులా కుళ్లి ఉండవచ్చు. క్రోన్స్‌లో అవి చిన్నవిగా, విడివిడిగా ఉంటాయి. తేడా తేలనప్పుడు కొన్ని నెలలు క్షయ మందులిచ్చి, తిరిగి కొలనోస్కోపీతో పుండ్లు మానాయో లేదో చూడటం భారతదేశంలో వాడుక. అయితే వ్యాధి క్రోన్స్ అయితే, ఆ నెలల్లోనే పేగు ఇరుకయ్యే ప్రమాదముంది. ఈ చిక్కు నగరాలకే పరిమితం కాదు. హైదరాబాద్‌లో డి. నాగేశ్వర్ రెడ్డి స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ పరిశోధకులు క్రోన్స్ వంటి పేగు శోథ వ్యాధులు పల్లెల్లోనూ కనిపిస్తున్నాయని నివేదించారు. నొప్పి మాత్రలూ కొన్ని అంటురోగాలూ ఇటువంటి పుండ్లనే తెప్పించగలవు గనుక, పుండు ఒక్కటే చూసి వ్యాధిని నిర్ధారించరు. లక్షణాలు, బయాప్సీ, స్కానింగ్ కలిపి చదివినప్పుడే ఆ తొలి గుర్తుకు అర్థం ఏర్పడుతుంది.