డబ్బాల ఊరిలో ఆవకాయ జాడీ

సన్నీవేల్‌కి చుట్టాలొస్తే, గోల్డెన్ గేట్ వంతెన కంటే ముందు మేము చూపించే వింత ఒకటుంది. మటిల్డా ఎవెన్యూ దగ్గర ఆకాశంలోకి నిలబెట్టిన పెద్ద ఫ్రూట్ కాక్‌టెయిల్ డబ్బా! నిజానికి అది నీళ్ల ట్యాంకు. లిబ్బీ కంపెనీ తన పళ్ల డబ్బాల ఫ్యాక్టరీ కోసం 1965లో కట్టించింది. 1907లో మొదలైన ఫ్యాక్టరీ 1985లో మూతపడింది. ట్యాంకు మాత్రం మిగిలింది, డబ్బా బొమ్మతో సహా. మా అత్తగారు మొదటిసారి చూసి, "మీ ఊరి ధ్వజస్తంభమా?" అని అడిగారు.

ఈ లోయంతా ఒకప్పుడు ఏప్రికాట్, ప్రూన్, చెర్రీ తోటలు. ఎండాకాలం వచ్చిందంటే ఇల్లాళ్లు పళ్లు ఉడికించి గాజు సీసాల్లో నిలవ చేసుకునేవారు. మరమూత బిగించే ఆ సీసాకి జాన్ మేసన్ 1858లో పేటెంటు తీసుకున్నాడు. మనకి వాసెన కట్టిన జాడీ ఎలాగో, వాళ్లకి మేసన్ సీసా అలాగ. ఫ్యాక్టరీ వచ్చాక ఆ పని వంటింట్లోంచి వెళ్లిపోయింది. అది ఆడవాళ్లకి పెద్ద ఊరటే, కాదనను. కాని డబ్బాలో ఏముందో కొనేవాడికి కనపడదు కదా!

1906లో అమెరికా ఆహార చట్టం చేసింది కాని, దాంట్లో ఒక కన్నం ఉంది. జామ్ అని రాసి పండు తగ్గిస్తే తప్పు. కొత్త పేరేదో పెట్టి అమ్మితే తప్పు కాదు. 'బ్రెడ్-స్ప్రెడ్' అనే సరుకు అలాగే పండు బాగా తగ్గించుకుని, జామ్ వేషం వేసుకుని దుకాణాల్లోకి వచ్చింది. 1938లో కొత్త చట్టం, 1940లో జామ్‌కి కొలతా వచ్చాయి: చాలా పళ్లకి 45 పాళ్లు పండు, 55 పాళ్లు పంచదార. మా ట్యాంకు మీది ఫ్రూట్ కాక్‌టెయిల్‌కి కూడా కొలతలున్నాయి. రసం వంచాక పళ్ల తూకంలో చెర్రీ నూటికి రెండుకి తగ్గకూడదు! ఎర్రముక్క వెయ్యమని కూడా శాసనం రాయాల్సి వచ్చింది.

ఇక మన కథ. మనకి ఈ దేశం తలుపులు తెరిచిన వలస చట్టం వచ్చింది కూడా 1965లోనే. మొదట్లో వచ్చినవాళ్లు అన్నీ ఇంట్లో చేసుకున్నారంటే అది సరదా కాదు, దొరక్క. పెరుగు చలికి తోడుకోకపోతే గ్యాస్ ఓవెన్లో ఎప్పుడూ వెలిగే చిన్న పైలట్ మంట దగ్గర పెట్టేవారు. 1990 నుంచి కరెంటు తీగ ఉన్న కొత్త పొయ్యిల్లో ఆ మంట ఉండకూడదన్నారు. అప్పుడు ఓవెన్లోని బల్బే దిక్కయింది. తర్వాత ఎల్ కమీనో రియల్ వెంట మన కొట్లు వెలిశాయి, సీసా ఆవకాయ వచ్చింది. అందరం హాయిగా చెయ్యడం మానేశాం. మేమూ మానేశాం.

ఓ ఏడు అత్తగారు ఇక్కడికొచ్చి, అన్నంలో కలుపుకుని ఒక ముద్ద తిని, సీసా తిప్పి చీటీ చదివించమన్నారు. ఇక్కడ సరుకుల పేర్లు తూకం ప్రకారం పెద్దదాంతో మొదలుపెట్టి రాయాలి. నువ్వుల నూనె పేరే లేదు, ఇంకేదో నూనె. ఎసిటిక్ ఆమ్లం మాత్రం ఉంది. "మామిడికాయకి పులుపు అరువు తేవడమేమిటమ్మా?" అన్నారావిడ. నిజమే. ఉప్పు ముక్కలోని నీరు లాగుతుంది, కాయ పులుపు కాపాడుతుంది, పైన తేలిన నూనె గాలి తగలనివ్వదు. పుల్లటి కాయ, తగినంత నూనె ఖరీదు. వాటిని తగ్గించినచోట ఆమ్లం పోసి సరిపెట్టవచ్చు. కారం సంగతి మరీ భయం. 2003లో మన దేశపు మిరప్పొడిలో మైనానికీ, పాలిష్‌కీ వేసే సుడాన్ రంగు యూరప్‌లో బయటపడింది. 2005లో బ్రిటన్‌లో వందలాది సరుకులు అరల మీంచి దించేశారు.

ఆ వేసవిలోనే ఆవిడ కొంగు బిగించారు. మన దేశపు మామిడిపళ్లు 2007 దాకా ఇక్కడికి రానేలేదు, వచ్చాకా ఆవకాయకి పనికొచ్చే పచ్చికాయలు కావవి. మెక్సికో కొట్లో ఒక్కొక్క కాయా గోరుతో గిల్లి వాసన చూసి, పుల్లగా ఉన్నవి ఏరారు. టెంకతో సహా కొట్టడానికి కత్తిపీట లేదు. మా ఆయన గరాజ్‌లోంచి తెచ్చిన రంపం సంగతి రాయకపోవడమే మంచిది. నాలుగు గిన్నెల ముక్కలకి గిన్నెడు ఆవపిండి, గిన్నెడు కారం, ఉప్పు కాస్త తగ్గించి. ఇదీ ఆవిడ లెక్క.

అయోడిన్ లేని ఉప్పు కోసం వెతుక్కుంటూ ఆర్చర్డ్ సప్లైకి వెళ్లాం. తోటల రైతులు 1931లో శాన్ హొసేలో సహకార సంఘంగా పెట్టుకున్న కొట్టు అది, పేరులోనే తోట ఉంది. అక్కడ ఒక అరలో మేసన్ సీసాలు, పక్కనే ఊరగాయ ఉప్పు! ఈ లోయ ఇల్లాళ్లు ఎండాకాలంలో కొనుక్కున్న సామానే. 2018లో ఆ కొట్టు మూతపడేదాకా మా సీసాలన్నీ అక్కడివే.

అత్తగారు ఇప్పుడు లేరు. ఈ ఏడు ముక్కలు మా అమ్మాయే కలిపింది. మూడో నాడు తిరగకలిపితే నూనె పైకి తేలింది. సీసాకి టేపు అంటించి సరుకుల పేర్లు రాసింది, తూకం ప్రకారమే: మామిడికాయ, నువ్వుల నూనె, ఆవపిండి, కారం, ఉప్పు. "మెంతులో?" అన్నాను. కిందికి జరిగి, చిన్న అక్షరాలతో చేర్చింది.