పదును పోయాక ప్రాగాకు పని

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తుండగా, 1943లో సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ పుట్టింది. తర్వాత ఆ కంపెనీ చేసిన యంత్రాల్లో టూల్ అండ్ కట్టర్ గ్రైండర్ ఒకటి. అరిగిన కట్టర్‌కు మళ్లీ సానపట్టడమే దాని పని.

లేత్ మీద ఉక్కు తిరుగుతుంటే టూల్‌కు రెండు చోట్ల దెబ్బ. పొట్టు రాసుకుపోయే పైముఖాన చిన్న గుంట పడుతుంది. చెక్కుతున్న ముక్కకు, అంటే జాబ్‌కు, ఆనే పక్కన మెరిసే చార ఏర్పడి, చూస్తుండగానే వెడల్పవుతుంది. అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ 1907లో ఈ అరుగుదల లెక్క తేల్చాడు. హైస్పీడ్ స్టీల్ టూల్‌తో వేగం రెట్టింపు చేస్తే ఆయుష్షు సగమవుతుందనుకుంటాం. ఆ లెక్క ప్రకారం వందో వంతు కూడా మిగలకపోవచ్చు! తొందరపడే ఆపరేటర్‌కు ఇంతకన్నా శిక్ష ఏముంది?

1926లో జర్మనీ క్రుప్ కంపెనీ విడియా పేరుతో టంగ్‌స్టన్ కార్బైడ్‌ను తెచ్చింది. వేడికి గట్టిపిండమే గానీ, కుదుపు తగిలితే మొన చిట్లుతుంది. దానికి మామూలు సానరాయి చాలదు. పచ్చటి సిలికాన్ కార్బైడ్ రాయో, వజ్రపు చక్రమో కావాలి.

స్క్రూతో బిగించే ఇన్సర్ట్‌లు వచ్చాక సాన అవసరమే తగ్గింది. ఒక మూల అరిగితే తిప్పి ఇంకో మూల పెట్టుకోవడమే. 1988లో ప్రాగా హెచ్‌ఎంటీ కిందికి వెళ్లింది. ఇప్పుడు హైదరాబాద్ శివారు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే సంస్థ పరిశోధకులు అరుగుదల తగ్గేలా టూల్స్‌పై పలుచటి గట్టి పూతలు వేస్తున్నారు.