ఓరుగల్లు పుట్టుపూర్వోత్తరాలు: శాసనాల నుంచి విచారణ పుస్తకాల దాకా

వరంగల్ కథోలిక మేత్రాసనం ఏర్పడి 2027 డిసెంబరు 22 నాటికి 75 ఏళ్లు నిండుతాయి. మేత్రాసనమంటే ఒక బిషప్పు అధికారం కింద ఉండే ప్రాంతం; అందులో ఒక్కో చర్చికి, దాని చుట్టుపక్కల పల్లెలకు కలిపి ఒక విచారణ, దానికొక విచారణ గురువు ఉంటారు. ఇలాంటి ఉత్సవాలకు అచ్చయ్యే ప్రత్యేక సంచికల్లో బిషప్పుల చిత్రపటాలు, దాతల పేర్లు, శంకుస్థాపనల ఫొటోలు తప్పక ఉంటాయి గాని, విచారణ గురువు గదిలో బీరువా అడుగు అరన ఉండే పొడుగాటి పుస్తకాల ఊసు సాధారణంగా ఉండదు. జ్ఞానస్నానాలకు ఒకటి, వివాహాలకు ఒకటి, మరణాలకు ఒకటిగా రాసుకుంటూ వచ్చిన ఆ పుస్తకాలే, ముత్తాత పేరు దగ్గర ఆగిపోయిన ఎన్నో కుటుంబాలకు ఇంకో రెండు మూడు తరాలు వెనక్కి నడిచే దారి చూపగలవు.

అయితే ఓరుగల్లు నేలమీద పెళ్లిళ్లు, చావులు లెక్కకెక్కడం పాదిరీలతో మొదలైంది కాదు. ఈ ప్రాంతంలో పూర్వుల జాడ వెతకడమంటే మొదట రాళ్లు చదవడమే. బయ్యారం చెరువు దగ్గరి శాసనం ఇందుకు పాఠం లాంటిది. కాకతీయ రాజు గణపతిదేవుని సోదరి, నతవాడి రుద్రుని భార్య అయిన మైలాంబ 13వ శతాబ్ది తొలినాళ్లలో ధర్మకీర్తి సముద్రమనే చెరువు తవ్వించి, వేయించిన ఆ శాసనంలో తన పుట్టింటి వంశాన్ని వెన్నరాజు మొదలు తన అన్న వరకు వరుసగా చెప్పించింది. అందులోని గుండ, ఎర్ర అనే పేర్లు, తూర్పు చాళుక్య దానార్ణవుడు 956లో ఇచ్చిన మాంగల్లు తామ్రశాసనంలోని పేర్లతో సరిపోలడం వల్ల, కాకతీయుల తొలి తరాలు కట్టుకథలు కావని చరిత్రకారులు నమ్మకంగా చెప్పగలిగారు. అత్తవారింటికి వెళ్లిన ఆడపడుచు గుర్తుపెట్టుకున్నంతగా పుట్టింటి వంశాన్ని ఇంకెవరూ గుర్తుపెట్టుకోరన్నది తెలుగు ఇళ్లలో ఇప్పటికీ రుజువవుతున్న సంగతే.

ఆ వంశంలోనే అందరికంటె ప్రసిద్ధురాలైన రుద్రమదేవి విషయంలో మాత్రం పెళ్లి, చావు రెండూ చాలాకాలం చిక్కుముడులుగానే ఉండిపోయాయి. 13వ శతాబ్ది చివర మోటుపల్లి తీరాన్ని గురించి రాసిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో, భర్త అయిన రాజు చనిపోయాక నలభై ఏళ్లుగా ఆమె రాజ్యాన్ని న్యాయంగా ఏలుతున్నదని చెప్పాడు. పాలన గురించిన మెప్పు సరైనదే గాని చుట్టరికం మాత్రం తప్పు. ఆమె గణపతిదేవుని భార్య కాదు, కుమార్తె అని, మగబిడ్డలు లేని ఆ రాజు ఆమెను రుద్రదేవ మహారాజు అన్న పురుష నామంతో సింహాసనానికి సిద్ధం చేశాడని, ఆమె పెళ్లాడింది నిడదవోలు చాళుక్య వీరభద్రుణ్ణని శాసనాల పరిశీలన తేల్చింది. ఓడరేవు వదంతి కంటె గుడి రాయి నమ్మదగినదన్న సూత్రానికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు.

మరణం సంగతి మరీ విచిత్రం. రుద్రమ 1295 లేదా 1296 దాకా రాజ్యం చేసిందని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. ఆ లెక్కను తలకిందులు చేసింది ఏ రాజప్రశస్తీ కాదు, నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్ల గ్రామంలో దొరికిన చిన్న శాసనం. శక సంవత్సరం 1211, విరోధి నామ సంవత్సరం, అంటే 1289 నవంబరులో, పువ్వుల ముమ్మడి అనే బంటు అక్కడి సోమనాథ దేవరకు కొంత భూమి ధారపోస్తూ, ఆ పుణ్యం కాకతి రుద్రమదేవికీ మల్లికార్జున నాయకునికీ శివలోక ప్రాప్తి కలిగించాలని చెక్కించాడు. బతికున్నవారికి ఆయురారోగ్యాలు కోరతారు గాని శివలోకం కోరరు. కాబట్టి ఆ నాటికి రాణీ, ఆమె సేనానీ ఇద్దరూ కన్నుమూసి ఉండాలి. కీర్తిశేషుల కోసం చేసే దానం ఎంతో ఆలస్యం కాదు గనుక ఆ మరణాలు జరిగి ఎక్కువ రోజులై ఉండవు. ప్రముఖ శాసన పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి ఈ శాసనాన్ని పండితలోకం ముందుంచిన తర్వాత రుద్రమ పాలనాకాలం ఒక్కసారిగా ఆరేళ్లు కుదించుకుపోయింది.

ఎక్కడ, ఎలా చనిపోయిందన్నది ఆ రాయి చెప్పదు. కాకతీయుల మీద తిరగబడిన కాయస్థ అంబదేవుడు మరుసటి ఏడు త్రిపురాంతకంలో వేయించిన శాసనంలో, మల్లికార్జునుణ్ణి సప్తాంగాలూ లేకుండా చేశానని గొప్ప చెప్పుకున్నాడు. రాజు, మంత్రి, కోశం, సేన వంటి రాజ్యపు ఏడు అంగాలే సప్తాంగాలు. ఈ రెండు శాసనాలనూ పక్కపక్కన పెట్టి చూసిన చరిత్రకారులు, వృద్ధురాలైన రాణి స్వయంగా సేనతో కదిలిందని, అంబదేవునితో జరిగిన ఆ పోరులోనే నాయకునితో పాటు నేలకొరిగిందని ఊహించారు. ఊహ బలమైనదే, కాని ఊహే. అంబదేవుడు తన జయశాసనంలో రాణి పేరెత్తకపోవడానికి కారణం ముసలి స్త్రీని చంపానని చెప్పుకోవడంలో గౌరవం లేకపోవడమని కొందరంటారు. ఆ మాట నిజమైతే, శత్రువు దాచిన చావును ఒక బంటు కృతజ్ఞత బయటపెట్టిందనుకోవాలి. 2017లో వరంగల్ దగ్గరి బొల్లికుంటలో బయటపడ్డ రెండు శిల్పాలు రుద్రమవేనని, అందులో ఒకటి ఆమె అంతిమ ఘడియను సూచిస్తుందని పురావస్తు శాఖ ప్రకటించినప్పుడు కూడా, ఆ వ్యాఖ్యానానికి ఊతమిచ్చింది చందుపట్ల రాయే.

ముమ్మడి ఉద్దేశం చరిత్రకు తేదీ ఇవ్వడం కాదు, తన ప్రభువుకు పుణ్యం చేర్చడం. తెలుగునాట మరణం దానికదిగా నమోదైన సందర్భాలు చాలా అరుదు. భూమి దానమో, సమాధికి చోటో, ఆస్తి పంపకమో, ఏదో ఒక అవసరం పడ్డప్పుడే దాని వెంబడి ఒక తేదీ కాగితం మీదికో రాతి మీదికో వచ్చి చేరుతుంది. వంశచరిత్ర వెతికేవారు ముందు ఆ అవసరం ఎవరిదో కనిపెడితే ఆధారం ఎక్కడ ఉంటుందో తెలుస్తుంది.

1323లో ఓరుగల్లు పతనమయ్యాక వచ్చిన ఐదు శతాబ్దాలలో ముసునూరి నాయకులు, రేచర్ల వెలమలు, బహమనీలు, కుతుబ్ షాహీలు, అసఫ్ జాహీలు వరుసగా ఏలారు గాని, సామాన్య కుటుంబం పేరు ఎవరి దస్త్రంలోనూ మూడు తరాల పాటు వరుసగా దొరకదు. ఆ లోటు తీర్చినవారు ఆశ్రిత కులాల కథకులు. రెడ్లకు, మరికొన్ని కులాలకు ఇంటిపేర్లు, గోత్రాలు ఏకరువు పెట్టే పిచ్చకుంట్లవారు, నేడు ప్రభుత్వ జాబితాలో వంశరాజులుగా ఉన్నవారు, పంట చేతికొచ్చే వేళకు ఊరూరా తిరిగి వంశావళి చెప్పి ధాన్యం తీసుకెళ్లేవారు. కోయల్లో ఆ పని డోలీలది. పడిగె అనే మూడు మూలల గుడ్డ మీది బొమ్మలు చూపిస్తూ వారు వంశశాఖ అయిన గట్టు గట్టుకూ వేర్వేరుగా మూలపురుషుల కథ పాడతారు. ఈ పద్ధతిలో పేర్లు నిలుస్తాయి, తేదీలు నిలవవు.

తేదీలు పుస్తకంతో వచ్చాయి. రహస్య వివాహాలను అరికట్టడానికి 1563లో ట్రెంట్ మహాసభ, ప్రతి పెళ్లి విచారణ గురువు, సాక్షుల ఎదుట జరగాలని, దాన్ని పుస్తకంలో రాయాలని ఆదేశించింది. 1614లో రోమునగరం వెలువరించిన కర్మకాండ గ్రంథం మరణాలకు కూడా విడిగా పుస్తకం పెట్టమంది. ఆ ఆచారం హైదరాబాద్ రాజ్యానికి స్థిరంగా చేరింది 1851లో ప్రత్యేక వికారియతు, అంటే పూర్తిస్థాయి మేత్రాసనం కాకముందు దశ, ఏర్పడ్డాకే. 1855 నుంచి మిలాన్ మిషనరీలు ఆ బాధ్యత మోశారు. 1889 నాటికి రైలుమార్గం కాజీపేట, వరంగల్ మీదుగా బెజవాడ చేరడంతో రైల్వే ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, గుంటూరు సీమ నుంచి భూముల కోసం వచ్చిన కథోలిక రైతు కుటుంబాలు ఇక్కడ పెరిగాయి. 1952లో వరంగల్ వేరుపడి, మరుసటి ఏడు మిలాన్ సంస్థకే చెందిన అల్ఫోన్సో బెరెట్టా తొలి బిషప్పు అయ్యారు. కాజీపేటలో ఫాతిమా మాత పేర ప్రధాన దేవాలయం, ఆ పేరుతోనే ఒక పేట వెలిశాయి.

గుంటూరు నుంచి వచ్చిన కుటుంబం ఒకటి తన మూలం వెతుకుతున్నదనుకుంటే, మొదట చూడవలసింది మరణాల పుస్తకం. చనిపోయిన తేదీ, సమాధి చేసిన తేదీ, వయసు, తండ్రి లేదా భర్త పేరు, చివరి అభ్యంగనం అందిందా లేదా అన్నవి అందులో ఉంటాయి. వయసు మాత్రం నమ్మరాదు. అరవై, డెబ్బై, ఎనభై అని గుండు లెక్కలే ఎక్కువ, చావింట్లో పుట్టిన రోజు అడిగేదెవరు? అక్కడినుంచి వివాహాల పుస్తకానికి, దాన్నిబట్టి వధూవరుల జ్ఞానస్నాన పుస్తకానికి వెళ్లాలి. 1908 నుంచి అమలైన రోమునగర శాసనం ప్రకారం పెళ్లి ఎక్కడ జరిగినా ఆ కబురు జ్ఞానస్నానం పొందిన విచారణకు పంపి, అక్కడి పుస్తకంలో ఆ పేరు పక్కన అంచున రాయించాలి. కాజీపేటలో జరిగిన పెళ్లి గుంటూరు సీమలోని ఫిరంగిపురం పుస్తకపు అంచున సన్నటి సిరా అక్షరాల్లో కనిపించడం అందువల్లనే. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఇంట్లో రాయప్ప, చిన్నప్ప, ఇన్నయ్య, శౌరి అని పిలిచే మనిషిని లాటిన్‌లో రాసే గురువు పెత్రుస్, పౌలుస్, ఇగ్నాసియుస్, క్సవేరియుస్ అని దించుకునేవాడు; తాత పేరు మనవడికి పెట్టే ఆచారం తోడై, ఒకే ఇంటిపేరు కింద నలుగురు ఇగ్నాసియుస్‌లు ఎదురైతే, ఎవరెవరో తేల్చేది జ్ఞానతల్లిదండ్రుల పేర్లే.

వివాహ పుస్తకంలో తెలుగువారికి ప్రత్యేకంగా పనికొచ్చేది చివరి గడి. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు పూజలో చాటింపు వేసి, అడ్డంకి తెలిసినవారు చెప్పమనడం చర్చి పద్ధతి. తెలుగు పెద్దలు వరసైన సంబంధమని సంబరపడే మేనరికమే చర్చి దృష్టిలో అడ్డంకి. ఇద్దరికీ ఉమ్మడి పూర్వులు ఎన్ని తరాల వెనక ఉన్నారో లెక్కగట్టి, 1917 నాటి ధర్మస్మృతి మూడో అంచె దాకా నిషేధించింది. మేనత్త కొడుకు, మేనమామ కూతురు రెండో అంచెలోనే తగులుతారు. అందుచేత గురువు బిషప్పుకు దరఖాస్తు రాసి మినహాయింపు తెప్పించి, ఏ అంచెలో చుట్టరికమో ఆ గడిలో నమోదు చేయవలసి వచ్చేది. బంధుత్వాన్ని ఆపడానికి పెట్టిన నియమం, ఆ బంధుత్వానికే రాతపూర్వక సాక్ష్యమై కూర్చుంది. 1983 స్మృతిలో లెక్కించే తీరు మారినా పినతండ్రి, మేనత్త బిడ్డల స్థాయి దాకా మినహాయింపు అవసరం అలాగే ఉంది.

బాప్టిస్టు కుటుంబాలకు ఈ దారి ఇంత సాఫీగా ఉండదు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గరి వెలంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన అమెరికన్ మిషను, మరుసటి ఏడు హనుమకొండకు వచ్చింది. వారిది పెద్దవారికే ఇచ్చే బాప్తిస్మం గనుక పుట్టుక కాదు, సంఘంలో చేరిన రోజే పట్టీలో ఉంటుంది; తల్లిదండ్రుల పేర్లు ఉంటే అదృష్టం. ఆంగ్లో ఇండియన్లదీ మరో దారి. మద్రాసు ప్రెసిడెన్సీ పాదిరీలు ఏటేటా పంపిన నకళ్లు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, ఆస్ట్రేలియాకో ఇంగ్లండుకో వెళ్లిపోయిన మనవలు వెతికేది అక్కడే.

స్వాతంత్ర్యం తర్వాత నమోదులు పెరిగాయి, వంశం జాడ మాత్రం పలచబడింది. 1969 చట్టంతో జనన మరణాలు ప్రభుత్వ పుస్తకానికి, 2002 చట్టంతో ఏ మతస్థుల పెళ్లి అయినా తప్పనిసరి నమోదుకు వచ్చాయి. ఇంకోవైపు, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మొదట హిందువులకే పరిమితం చేసి, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించినా, క్రైస్తవులకు ఇవ్వలేదు. దాంతో బడిలో ఒక పేరు, చర్చిలో ఒక పేరుగా రెండు దస్త్రాల్లో బతికిన దళిత కుటుంబాల్లో, తాత ఒకరా ఇద్దరా అన్న అనుమానం కాగితం చూసినవారికి రావడంలో వింత లేదు. పాలనా హద్దులూ మారుతూ వచ్చాయి. నల్లగొండ 1976లో, ఖమ్మం 1988లో సొంత మేత్రాసనాలయ్యాయి. 2016లో పాత వరంగల్ జిల్లా ఐదు ముక్కలై, 2019లో ములుగు విడిపోయి, 2021లో మిగిలిన రెండింటికి హనుమకొండ, వరంగల్ అన్న పేర్లు స్థిరపడ్డాయి. 1960లో జనగామలో పుట్టి, కాజీపేటలో పెళ్లాడి, ఖమ్మంలో కన్నుమూసిన మనిషి జీవితం ఈనాటి లెక్కలో మూడు జిల్లాల్లో, రెండు మేత్రాసనాల్లో పరుచుకుంటుంది. విచారణ పుస్తకం బహిరంగ పత్రమూ కాదు. దాన్ని తమంత తాము తిరగేసే హక్కు ఎవరికీ లేదు గనుక, వెతుకుతున్నవారు కుటుంబ సంబంధం, కారణం రాసిచ్చి నకలు అడగాలి. విచారణ గురువు ఏటా ఒక ప్రతిని బిషప్పు కార్యాలయానికి పంపాలన్న నియమం పూర్వం ఉండేది కాబట్టి, విచారణలో చెద తిన్న పేజీ గురించి అక్కడ అడగడం మరువరాదు.